విజయేందర్‌కు చెప్పకుండా దాచిన ఎర్రర్

విజయేందర్‌కు ప్రభుత్వోద్యోగం ఉంది. నెలనెలా జీతం వస్తుంది. మెడలో గుర్తింపు కార్డు ఉంది, కిటికీ పక్కన గాలి బాగా తగిలే చోట ఒక బల్ల ఉంది. లేనిదల్లా పని. సికింద్రాబాదులోని ఒక కార్యాలయంలో అంధుల కోటా కింద జూనియర్ అసిస్టెంటుగా చేరిన నాటి నుంచి అతని బల్ల మీదికి ఒక్క కాగితం రాలేదు. పొద్దున వచ్చి హాజరు వేయాలి, సాయంత్రం లేచి వెళ్ళాలి, మధ్యలో టీ తాగాలి. చుట్టూ ఫైళ్ళు తిరుగుతుంటాయి. ఫోన్లు మోగుతుంటాయి. సంతకం కోసం వచ్చినవాళ్ళు బతిమాలుకుంటుంటారు. అవన్నీ అతని చెవిన పడతాయి, ఒక్కటీ అతని దాకా రాదు.

"నీకెందుకు బాబూ ఈ శ్రమంతా? నీ వాటా పని మేం చూసుకుంటాంగా" అనేవారు సీనియర్ అసిస్టెంటు పద్మనాభం. చెడ్డమనిషి కాదు. టీ వచ్చినప్పుడు కప్పు తానే అందించి, విజయేందర్ వేళ్ళు కాలకుండా పట్టుకునేవారు. అంత జాగ్రత్తగా చూసుకుంటూనే అతని చేతిలో పని లేకుండా చేశారు.

ఇది మన ఆఫీసుల్లో కొత్త సంగతేమీ కాదు. వికలాంగుడు అన్న మాట బాగోలేదని దివ్యాంగుడు అని మార్చుకున్నాం. మాట మార్చిన చేత్తోనే ఒక ఫైలు కూడా ఇచ్చి ఉంటే బాగుండేది. పని చెప్పకుండా జీతం ఇవ్వడాన్ని దయ అనుకుంటాం. అది దయ కాదు, ఎదురుగా ఉన్న మనిషిని లేడనుకోవడం. విజయేందర్ మాత్రం ఎవరినీ ఒక్క మాట అనలేదు. ఇంటికొచ్చాక తల్లి శ్యామలమ్మ "ఇయ్యాల ఏం పని జేసినవు బిడ్డా?" అని అడిగితే, "మస్తు పనుండె అమ్మా" అని చెప్పేవాడు.

అట్లా సాగిపోయేదే. ఈ మధ్య అనుపమ అనే కొత్త సూపరింటెండెంటు వచ్చింది. వచ్చిన రోజే ఒక్కొక్కరి దగ్గరా ఆగి ఎవరు ఏ సీటు పని చూస్తున్నారో అడుగుతూ విజయేందర్ బల్ల దగ్గరికి వచ్చింది.

"మీరేం చూస్తారు?"

పద్మనాభం ఏదో చెప్పబోయారు. ఆమె ఆగమంది.

"ఏం చూడ మేడం. నాకు సీటియ్యలేదు."

"ఎందుకని?"

"కంప్యూటర్‌ల ఉన్నది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఉంటది మేడం. అది ఉంటే టైపింగు, మెయిళ్ళు, ఫైళ్ళు అన్నీ చేస్త. ట్రైనింగు తీస్కున్న. ఇక్కడి సిస్టంల ఎక్కించనియ్యరు. రూలు లేదంటరు."

అనుపమ ముక్కుసూటి మనిషి. అర్జీలకు జవాబులు రాసే సీటు ఖాళీగా ఉందని, అర్జీలన్నీ ఇప్పుడు మెయిల్లోనే వస్తున్నాయని చెప్పింది. "ఆఫీసు సిస్టం కోసం రాస్తే ఎప్పటికొస్తుందో నాకే తెలీదు. మీ సొంత మిషను తెచ్చి చూపించండి. సోమవారం పెద్దసారు వస్తున్నారు. ఆయన ముందు ఒక అర్జీకి జవాబు తయారు చేస్తే సీటు మీది. లేకపోతే ఆ రోజే ఇంకొకరికి ఇచ్చేస్తారు. తర్వాత నేను కూడా ఏం చేయలేను."

ఆ గదిలో మరెవ్వరూ సీటు కోసం ఇంటి నుంచి కంప్యూటరు మోసుకురాలేదు. పెద్దసారు ముందు టైపు చేసి చూపించిందీ లేదు. ఆ మాట విజయేందర్ అనొచ్చు. అనలేదు. సరే మేడం అన్నాడు.

ల్యాప్‌టాప్ మీటలు మరీ చదునుగా ఉంటాయని, తన వేళ్ళకు అలవాటైన పెద్ద కీబోర్డుతో విడిభాగాలు కొని కట్టించుకోవాలనుకున్నాడు. ఆ పనికి ఎరిక్ ఉన్నాడు. తిరుమలగిరిలో కంప్యూటర్లు అసెంబుల్ చేస్తాడు. డిగ్రీ పరీక్షల్లో విజయేందర్ చెబుతుంటే రాసిపెట్టింది ఇతనే. ప్రశ్నపత్రం చదివేటప్పుడు కింద ప్రింటింగ్ ప్రెస్సు పేరు కూడా చదివేవాడని ఇప్పటికీ ఆటపట్టిస్తుంటాడు విజయేందర్. శనివారం ఇద్దరూ సీతాఫల్‌మండి ఇంట్లో నేల మీద కూర్చుని మిషను కట్టారు. ఎరిక్ ప్రతి భాగాన్నీ అతని చేతికిచ్చి తడిమించాకే బిగించాడు. మెమరీ ర్యాము మాత్రం విజయేందరే పెట్టాడు. అది టక్కుమని కూర్చున్న చప్పుడుకు ఇద్దరూ ఒకేసారి "ఆఁ" అన్నారు.

"ఆపరేటింగ్ సిస్టం రేపు నేనే ఎక్కిస్త" అన్నాడు విజయేందర్.

"ఎక్కియ్యన్నా. నాకు రేపు అల్వాల్‌ల మా చిన్నాన్న బిడ్డ పెండ్లి ఉంది. పెన్‌డ్రైవ్ ఇదిగో, దీంతోనే నిన్న రెండు మిషన్లకు ఎక్కించిన. ఏమన్న తక్లీఫ్ అయితే ఫోన్ జెయ్."

విజయేందర్ అన్నీ కొన్నాడు గానీ మానిటరు కొనలేదు. అతనికి దాంతో పనేముంది? సిస్టం ఎక్కిందంటే మిషనే మాట్లాడుతుంది. ఎక్కించేటప్పుడు కూడా ఒక మీట నొక్కితే గొంతు వస్తుందని అతనికి తెలుసు. అయితే మిషను లోపలి మదర్‌బోర్డు మరీ కొత్తది. దాని సౌండును ఇన్‌స్టలేషన్ ప్రోగ్రాం గుర్తుపట్టలేదు. ఆదివారం పొద్దున ఎన్నిసార్లు నొక్కినా డబ్బా నోరు విప్పలేదు. అంటే తెర కావాలి, తెర చూసి చెప్పడానికి మనిషి కావాలి.

మనిషి పైఅంతస్తులోనే ఉంది. లీలాకుమారిది భీమవరం వైపు. ఇరవై ఏళ్ళ పైనే ఇక్కడుంటూ ఫోన్లో చీరల వ్యాపారం చేస్తుంది. విజయేందర్ అంటే ఆమెకు ప్రాణం. విషయం వినగానే, "మా టీవీ ఉందిగా బాబూ, దానికి తగిలించుకో. చదవడానికి నేను లేనూ?" అంది. తల్లీకొడుకులు మిషను మోసుకుని పైకెళ్ళారు. టీవీకి తగిలించారు. కీబోర్డు విజయేందర్ ఒళ్ళో పెట్టుకున్నాడు, మౌసు లీలాకుమారి పట్టుకుంది. శ్యామలమ్మ గుమ్మంలో చిక్కుడుకాయలు ముందేసుకుని కూర్చుంది.

మొదట్లో అంతా సాఫీగా నడిచింది. భాష అడిగింది, డిస్కు ఏదో అడిగింది. లీలాకుమారి చదువుతుంటే విజయేందర్ చెప్పాడు, ఆమె నొక్కింది. ఫైళ్ళు ఎక్కడం మొదలైంది. ఆమె శాతం చెబుతూ ఉంది. పది, ఇరవై, నలభై. ఆ తర్వాత శాతాలు ఆగాయి. మౌసు చప్పుడైంది.

"ఏమైందాంటీ?"

"ఏం లేదు బాబూ. మళ్ళీ మొదటి పేజీ వచ్చింది."

"మొదటిదా? ఎందుకు?"

"పెద్ద పని కదా, రెండు మూడుసార్లు చేయించుకుంటుందేమో."

అట్లా ఉండదని విజయేందర్‌కు తెలుసు. అయినా మళ్ళీ మొదలుపెట్టాడు. ఈసారి సగం దాటాక ఆగింది. మళ్ళీ మొదటి పేజీ. ఎరిక్‌కు ఫోన్ చేశాడు. అవతల పెళ్ళి బ్యాండు మోగుతోంది.

"ఎర్రర్ కోడ్ ఏమొచ్చిందన్నా?" అని అరిచాడు ఎరిక్.

"ఏం రాలేదంటున్నరు ఆంటీ."

"గట్లెట్లుంటది? కోడ్ లేకుండ వెనకకు పోదు. కోడ్ లేకుంటే నేను ఏమని చెప్పాలె? ర్యాము తీసి పెట్టి చూడు, డిస్కు వైరు చూడు. గిట్ల ఊహించుడే."

పక్క రేకు విప్పి ర్యాము తీసి మళ్ళీ పెట్టాడు. వైర్లు పీకి మళ్ళీ గుచ్చాడు. భోజనాల వేళ దాటిపోయింది. ఫోన్ కెమెరాతో తెర మీది రాత చదివించే యాప్ ఉందని గుర్తొచ్చి, ఫోను టీవీ వైపు పట్టుకుని కూర్చున్నాడు. టీవీ వెలుగుకు అది సగం మాటలు మింగేసి, పక్క గోడకున్న క్యాలెండరు మాత్రం బ్రహ్మాండంగా చదివింది. ఆ రోజు రాహుకాలం ఎప్పుడో ముగ్గురికీ తెలిసింది.

"ఇది నీకెక్కడ దొరికిందిరా" అని నవ్వింది శ్యామలమ్మ.

విజయేందర్ నవ్వలేదు. రేపు పొద్దున పెద్దసారు ముందుకు ఈ మిషను మాట్లాడకుండా వెళ్తే ఏమవుతుందో అతనికి స్పష్టంగా వినిపిస్తూనే ఉంది. "పోనీలే బాబూ, మేమున్నాంగా" అని పద్మనాభం గొంతు.

మూడోసారి ఫైళ్ళు ఎక్కుతున్నాయి. అతను శాతాలు వినడం మానేసి లీలాకుమారిని విన్నాడు. ఒకచోట ఆమె ఊపిరి బిగబట్టింది. వెంటనే మౌసు టిక్కుమంది.

"ఆంటీ, ఇప్పుడేం నొక్కిన్రు?"

"ఏం లేదు బాబూ."

"నొక్కిన చప్పుడు ఇనబడ్డది."

"ఏదో చిన్న డబ్బా వచ్చిందిలే. తీసేశాను."

"ఆ డబ్బల ఏం రాసుంది?"

"ఏముంటుంది, మామూలే. కాస్త ఓపిక పట్టమని."

విజయేందర్ కీబోర్డు పక్కన పెట్టాడు. "పొద్దటి సంది ఎన్నిసార్లు వచ్చిందాంటీ ఆ డబ్బ?"

 గుమ్మంలోంచి శ్యామలమ్మ అంది: "చెప్పు లీలమ్మా. వాడు తెల్సుకోనిది ఇడిచిపెట్టేటోడు కాదు."

"ఆగినప్పుడల్లా వచ్చింది" అంది లీలాకుమారి చివరికి. "ఎర్రర్ అని ఉంది. రేపటి పని నీకెంత ముఖ్యమో నాకు తెలీదా? పొద్దుటి నుంచీ మంచినీళ్ళు కూడా తాగకుండా కూర్చున్నావు. పాడైందని నా నోటితో ఎలా చెప్పనూ? ఈసారి అయిపోతుందేమో, నీకు తెలియకుండానే సర్దుకుంటుందేమో అనుకున్నాను."

చూపున్నవాళ్ళం మనం చేసే పనే ఆమె చేసింది. రిపోర్టు చదివిపెట్టమంటే బాగానే ఉందంటాం. నోటీసు చదవమంటే ఏం లేదులే అంటాం. మన కంట పడిన చేదును అవతలి మనిషికి చేరకుండా మింగేసి, సాయం చేశామనుకుంటాం. అతను తన కష్టాన్ని తాను దిద్దుకునే దారి కూడా అందులోనే ఉందని మనకు తట్టదు.

"ఆంటీ" అన్నాడు విజయేందర్ మెల్లగా. "మీరు నా మంచికే చేసిన్రు. ఆఫీసుల సుత అందరు నా మంచికే చేస్తరు. నా మంచికే నాకు కాగితం ఇయ్యరు. నేను అక్కడ చేసేటి పని ఏం లేదు. ఒట్టిగ కూసుండి వస్త."

శ్యామలమ్మ చేతిలో చిక్కుడుకాయ ఆగింది. కొడుకు ఇన్నాళ్ళూ తనకు చెప్పని మాట అది.

"ఆ ఎర్రర్ నాది ఆంటీ. నాకియ్యున్రి."

లీలాకుమారికి కోపమొచ్చింది. "అంటే నేనూ వాళ్ళూ ఒకటేనా? నా టీవీ ఇచ్చి, నా ఆదివారం ఇచ్చి, చివరికి ఈ మాట పడాలా?"

"ఒకటే అనలే లీలమ్మా" అంది శ్యామలమ్మ. "నేను సుత గదే చేసిన వీనికి. పదోతరగతిల లెక్కల మార్కులు తక్కువొస్తే ఎక్కువ చెప్పిన. బడికి పొయ్యి తెల్సుకున్నడు. శానా దినాలు నాతోని మాట్లాడలే. ఆకలైతే పక్కింటోళ్ళతోని చెప్పిచ్చేటోడు."

లీలాకుమారికి నవ్వొచ్చింది. ఆపుకోవాలని చూసింది గానీ వల్ల కాలేదు. "సరే. ఇంకోసారి రానీ దాన్ని. కామాలతో సహా చదువుతాను. తర్వాత ఏడిస్తే నన్ననకు."

"ఏడువ ఆంటీ."

మళ్ళీ మొదలుపెట్టారు. ఇప్పుడు ముగ్గురూ ఎర్రర్ కోసం ఎదురుచూస్తున్నారు. యాభై దాటినా రాకపోయేసరికి, "ఇంకా రాదేంటి బాబూ?" అని కంగారుపడింది లీలాకుమారి. అరవై దగ్గర వచ్చింది. ఆమె మౌసు సోఫా మీద పడేసి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, బడిపిల్లలా చదివింది. ఇన్‌స్టలేషన్‌కు కావలసిన ఫైళ్ళు ఎక్కించలేకపోతున్నామనీ, ఆ ఫైలు చెడిపోయి ఉండొచ్చు లేదా అసలు లేకపోవచ్చనీ ఇంగ్లీషులో ఉన్నదంతా మాట పొల్లుపోకుండా చదివింది. కింద కోడ్‌లో ఒక్కో అంకె, ఒక్కో అక్షరం చెప్పింది. "కింద ఓకే అని ఉంది. నొక్కట్లేదు" అంది.

విజయేందర్ అదంతా ఫోన్లో ఎరిక్‌కు అప్పజెప్పాడు.

"హా, గిప్పుడు దొరికింది" అన్నాడు ఎరిక్. బ్యాండుకు దూరంగా వచ్చినట్టున్నాడు, గొంతు తేటగా ఉంది. "ఫైలు చదువస్తలేదంటుంది. కోడ్ సుత గదే. ర్యాము మంచిగ కూసుందని నువ్వు చూసినవు. ఇగ పెన్‌డ్రైవ్ చూడన్నా. మొన్న నా దగ్గర మంచిగుండె మరి, నీ కాడికొచ్చినంక దానికేమైంది?"

విజయేందర్ పెన్‌డ్రైవ్ పీకి వేలితో తడిమాడు. ఇనుపమూతి లోపల ఏదో గరుకుగా తగిలింది. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. పసుపు.

"అమ్మా. దీనికి సుత బొట్టు పెట్టినవా?"

"పెట్టకపోతే ఎట్లరా?" అంది శ్యామలమ్మ ఆశ్చర్యంగా. "పొద్దుగాల దీపం పెట్టి డబ్బకు పెట్టిన, కీబోర్డుకు పెట్టిన. పని షురూ చేసేటిదే అదని నువ్వే అంటివి. దానికి పెట్టకుంటే ఎట్ల? ఒళ్ళంత నల్లగుంది, బొట్టు కనబడదని మెరిసేతాన పెట్టిన. తడిపసుపు జెర లోపటికి పోయినట్టుంది."

అవతల ఎరిక్ నవ్వు ఆగడం లేదు. "అమ్మా, నేను ప్రార్థన చేసి పంపిన, నువ్వు బొట్టు పెట్టి పంపినవు. పాపం, దానికి దేవుళ్ళు ఎక్కువైన్రు."

"నవ్వకు బిడ్డా. ఇప్పుడు తుడిస్తే తప్పా?"

"తుడువకుంటేనే తప్పమ్మా."

పాత పళ్ళబ్రష్షు, చేతులకు రాసుకునే శానిటైజరు తెచ్చింది లీలాకుమారి. మూతి లోపల ఎండిన పసుపును విజయేందర్ మెల్లగా గీకి, తుడిచి, ఫ్యాను కింద ఆరబెట్టాడు. ముందువైపు సాకెట్‌లో కూడా పొడి చేరి ఉంటుందని ఈసారి వెనకవైపు దాంట్లో గుచ్చాడు. అరవై దాటింది. ఎనభై దాటింది. నూరైంది. మిషను ఆగి మళ్ళీ మొదలయ్యేటప్పుడు, మొదటి పేజీకే పోకుండా అతను పెన్‌డ్రైవ్ లాగేశాడు.

ఆ తర్వాత లీలాకుమారిని ఆపడం ఎవరి తరమూ కాలేదు. తెర మీద ఏది కనిపిస్తే అది చదివింది. "కుడివైపు కింద టైము ఉంది. దాని కింద తారీఖు. పక్కన మబ్బు బొమ్మ, వాన పడొచ్చంటోంది. చదవనా?"

"చదువున్రి ఆంటీ. అన్నీ చదువున్రి."

ఫోన్లోని నెట్టు కలిపి సౌండుకు కావలసినది దించాక, మిషను గొంతు విప్పింది. ముందు ఇంగ్లీషులో గడగడా మాట్లాడింది. తెలుగు గొంతు పెట్టాక, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటున్నట్టు పలికింది. విజయేందర్ తన పేరు టైపు చేశాడు. అది చదివింది. మళ్ళీ చదివించాడు.

"ఇంక టీవీ తీస్కోండ్రి" అన్నాడు. వైరు పీకేశాడు. తెర నల్లబడింది, మిషను మాత్రం మాట్లాడుతూనే ఉంది. శ్యామలమ్మ దగ్గరికొచ్చి కొడుకు తల మీద చెయ్యి వేసింది. ఆఫీసు సంగతి అప్పుడే అడగాలనుకుంది. "పొద్దుగాల ఆటోల డబ్బ నేను పట్టుకుంట. నువ్వు కీబోర్డు పట్టుకో" అని మాత్రం అంది.

సోమవారం పెద్దసారు వచ్చారు. అనుపమ ఒక అర్జీ మెయిల్లో పంపింది. విజయేందర్ చెవికి హెడ్‌ఫోన్ పెట్టుకుని, ఒకసారి విని, జవాబు రాశాడు. ఒక మాట దగ్గర వేలు తప్పింది. వెనక నిలబడ్డ పద్మనాభం, "పర్లేదు బాబూ, అది నేను దిద్దేస్తాలే" అని ముందుకు వంగారు.

"ఏం తప్పు పోయిందో చెప్పున్రి సార్. నేనే దిద్దుకుంట" అన్నాడు విజయేందర్.

పద్మనాభం వెనక్కి జరిగి, చెప్పారు. అతను దిద్దాడు. పెద్దసారు చదివి సంతకం పెట్టి, మరేమీ అనకుండా వెళ్ళిపోయారు. అర్జీల సీటు విజయేందర్‌కు వచ్చింది.

కొంతకాలానికి ఒక రోజు మధ్యాహ్నం శ్యామలమ్మకు ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది.

"అమ్మా, ఇయ్యాల అనుపమ మేడం తిట్టింది."

"ఎందుకు బిడ్డా?"

"ఒకరి అర్జీకి రాసిన జవాబు ఇంకొకరికి పంపిన. పనిల తప్పు. అందరి ముంగటనే అడిగింది, కండ్లు మూసుకుని పంపినవా అని. అన్నంక తనే అయ్యో అని నాలిక కర్సుకున్నది. నేనే నవ్విన."

శ్యామలమ్మ ఫోను రెండో చెవికి మార్చుకుంది. తర్వాత అడిగింది.

"మంచిగ తిట్టిందా?"

"మస్తు తిట్టిందమ్మా."

అతను పనిచేస్తున్న కంప్యూటరు ఇప్పటికీ అతని సొంతదే. ఆఫీసు ఇంకా తనది ఇవ్వలేదు. 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం, అటువంటి ఉద్యోగికి పని చేసుకునే వీలు కల్పించాల్సిన బాధ్యత ఆఫీసుదే. విజయేందర్ మళ్ళీ అడగలేదు. అడగాల్సింది అతనొక్కడే కాదు.

ఇది చదువుతున్నవారిలో ఆఫీసుల్లో ఉన్నవాళ్ళుంటారు. మీ గదిలో పనిలేని బల్ల దగ్గర చూపులేని ఉద్యోగి ఎవరైనా కూర్చుని ఉంటే, రేపు వెళ్ళగానే వారినే అడగండి, ఏ సీటు చూస్తారని. ఆ తర్వాత చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఎందుకు లేదో పై అధికారిని కాగితం మీద అడగండి. వారి సంతకం పక్కన మీ సంతకం కూడా పెట్టండి. సంఘాల్లో ఉన్నవాళ్ళు దీన్ని మీ కోర్కెల్లో చేర్చండి. ఆఫీసులతో సంబంధం లేనివాళ్ళకు ఇంకా చిన్న పని. రైల్వే స్టేషన్లోనో బ్యాంకులోనో మందుల షాపులోనో చూపులేని మనిషి ఒక కాగితమో ఫోనో మీ చేతికిచ్చి ఏముందో చెప్పమంటే, మొదటి మాట నుంచి చివరి మాట దాకా చదవండి. చెడ్డ కబురైనా చదవండి. వారు చెప్పేదాకా ఏ మీటా నొక్కకండి.